రెండో సూది పడని అమ్మాయిలు

మందుల ప్రయోగాలన్నీ చివరిదాకా సాగవు. ప్రాణాలు పోతున్నాయని కొన్నిటిని ఆపుతారు, ప్రాణాలు నిలుస్తున్నాయని కొన్నిటిని ఆపుతారు, గిట్టుబాటు కాదని కొన్నిటిని చుట్టేస్తారు. ఆపేశాక అందులో ఉన్న మనుషుల సంగతేమిటి? ఖమ్మం ఏజెన్సీ నుంచి అమెరికా గుండె ఆస్పత్రుల దాకా సాగే ఒక కథ ఇది.

2010 ఏప్రిల్ 8. దేశంలో తొమ్మిది చోట్ల జరుగుతున్న ఒక టీకా పరిశోధన ఆ రోజుతో ఆగిపోయింది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఆ తొమ్మిదింటిలో ఒకటి. అంతకు ఏడు నెలల ముందు, 2009 సెప్టెంబరులో, ఫ్రాన్స్‌లోని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) మన వైద్యులతో కలిసి దాన్ని మొదలుపెట్టింది. పెళ్లికాని ఆడపిల్లలు, పది నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లు, 20 వేల మంది కావాలి. సగం మందికి హెచ్‌పీవీ టీకా మూడు డోసులు, మిగతా సగానికి రెండు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే ఆ టీకా అప్పట్లో మహా ఖరీదు. మూడు అక్కర్లేదు, రెండు చాలని తేలితే పేద దేశాలకు మూడో వంతు ఖర్చు మిగులుతుంది. తేల్చాల్సిన ప్రశ్న అదొక్కటే.

ఆపమని ఉత్తర్వు వచ్చేసరికి 17,729 మందికి కనీసం ఒక్క సూదైనా పడింది. మూడూ పూర్తయినవాళ్లు 4,348 మంది. అనుకున్నట్టే ఆరు నెలల ఎడంతో రెండు పడినవాళ్లు 4,979 మంది. మూడోదాని కోసం ఎదురుచూస్తూ, రెండు నెలల ఎడంతో పడిన రెండింటి దగ్గరే నిలిచిపోయినవాళ్లు 3,452 మంది. మిగిలిన 4,950 మందికి పడింది ఒకే ఒక్క సూది.

పరిశోధన ప్రణాళికలో ఈ చివరి గుంపుకు చోటే లేదు. ఒక్క డోసు సరిపోతుందా అని అప్పుడు ఎవరూ అడగలేదు. ఆ పిల్లలు తమంతట తాము మానుకోనూ లేదు. ఆ టీకా వల్ల వాళ్లకేదో అయిందని ఆపిందీ కాదు. గొడవ పుట్టింది వేరే చోట, ఖమ్మం జిల్లాలో, వేరే ప్రాజెక్టులో. అక్కడికి తర్వాత వెళ్దాం. ముందు, అసలు ఒక ప్రయోగాన్ని మధ్యలో ఎవరు ఆపుతారు, ఏం చూసి ఆపుతారు అన్నది తెలుసుకోవాలి.

మెతుకు పట్టి చూసేవాళ్లు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా కుమ్మరించక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మన పెద్దలు. కుండలో వేడి అన్ని మెతుకులకూ ఒకేలా తగులుతుంది కాబట్టి అది నిజం. మనుషుల మీద జరిగే ప్రయోగంలో అలా కాదు. మొదటి వంద మందిలో మందు వేసుకున్నవాళ్లు బాగున్నారంటే అది మందు మహిమ కావచ్చు, ఆ వంద మంది అదృష్టమూ కావచ్చు.

పెద్ద ప్రయోగాల్లో ఎవరికి అసలు మందు అందుతోందో, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అందుతోందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఆ గుట్టు తెలిసేది ఒక చిన్న కమిటీకి మాత్రమే. డేటా సేఫ్టీ మానిటరింగ్ బోర్డు అంటారు దాన్ని. ఆ జబ్బు తెలిసిన వైద్యులు, గణాంక నిపుణులు, నైతిక విలువల మీద పనిచేసేవాళ్లు ఇందులో ఉంటారు. ప్రయోగం నడిపే కంపెనీతో గానీ, డాక్టర్లతో గానీ వాళ్లకు సంబంధం ఉండకూడదు. కొన్ని నెలలకోసారి తలుపులు మూసుకుని కూర్చుని, ఏ గుంపులో ఎంతమంది పోయారో లెక్క చూస్తారు.

మూత తీసి చూడటంలోనే చిక్కుంది. మందుకు ఏ గుణమూ లేకపోయినా, కేవలం కాకతాళీయంగా తేడా కనిపించే అవకాశం నూటికి ఐదు ఉండేలా మామూలుగా హద్దు పెట్టుకుంటారు. అది చివర్లో ఒక్కసారి చూసే లెక్క. అదే హద్దుతో మధ్యమధ్యలో ఐదుసార్లు చూస్తే, ఏదో ఒకసారి పొరబడే అవకాశం నూటికి పద్నాలుగు దాకా పోతుంది. అందుకే తొలి రోజుల్లో చూసేటప్పుడు హద్దు చాలా కఠినంగా, పోనుపోను సడలేలా నియమాలు పెట్టారు. 1970ల్లో పీటర్ ఓబ్రియన్, థామస్ ఫ్లెమింగ్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు కట్టిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే తప్ప తొందరపడి ఆపొద్దని దాని సారం.

చెప్పడానికి తేలికే. కానీ ఆ గదిలో కూర్చున్నవాళ్లు చూసేది అంకెలు కావు, చావులు. ఇంకో ఆరు నెలలు ఆగుదామంటే ఆ ఆరు నెలల్లో పోయేవాళ్లు ఉంటారు. ఇప్పుడే ఆపేద్దామంటే, తప్పుడు నమ్మకం మీద రేపు లక్షల మంది ఆ మందు మింగొచ్చు, లేదా మంచి మందు మూలనపడొచ్చు. ఆ కుర్చీలో కూర్చోమంటే నాకైతే నిద్ర పట్టదు.

లయ కుదిరింది, గుండె ఆగింది

1980ల్లో గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్ల ఈసీజీల్లో తరచూ ఒక అపశ్రుతి కనిపించేది. మధ్యమధ్యలో గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టుకునేది. అలాంటివాళ్లు ఉన్నట్టుండి చనిపోయే ప్రమాదం ఎక్కువని అప్పటికే తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు ఆ తప్పుడు దెబ్బల్ని చక్కగా అణిచేసేవి. తప్పుడు దెబ్బలు పోతే చావులూ తగ్గుతాయి కదా? అంతకంటే సహజమైన ఊహ ఏముంటుంది? అమెరికాలో డాక్టర్లు లక్షల మందికి ఆ కోవ మందులు రాసేశారు.

ఆ ఊహ నిజమో కాదో తేల్చడానికి అమెరికా ప్రభుత్వ సంస్థ కాస్ట్ అనే ప్రయోగం పెట్టింది. చాలామంది వైద్యులు తమ రోగుల్ని అందులో చేర్చడానికి ఇష్టపడలేదు. ఎందుకంటే, ఇంత మంచి మందు ఉండగా సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం పాపమని వాళ్ల భావన. ప్రయోగం రూపొందించినవాళ్లు కూడా మందు మేలు చేస్తుందా లేదా అనే లెక్కకే సిద్ధపడ్డారు. కీడు చేస్తుందేమోనన్న ఆలోచన వాళ్ల లెక్కల్లో దాదాపు లేదు.

1989 ఏప్రిల్‌లో మానిటరింగ్ బోర్డు ముందుకు కాగితాలొచ్చాయి. రెండు గుంపుల మధ్య తేడా స్పష్టంగా ఉంది. అయితే ఎక్కువ మంది చనిపోతున్నది మందు గుంపులో! ఆ రెండు మందుల వాడకాన్ని అక్కడికక్కడే ఆపేశారు. తర్వాత తేలిన పూర్తి లెక్క ఇది: సగటున పది నెలల్లో, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర మింగిన 743 మందిలో 26 మంది పోయారు. ఈసీజీ కాగితం మీద లయ బ్రహ్మాండంగా కుదిరింది. మనిషే లేడు.

వైద్య విద్యార్థులకు ఈ కథ ఇప్పటికీ పాఠంగా చెబుతారు. పరీక్ష కాగితం మీద అంకె బాగుపడటం వేరు, మనిషి బాగుపడటం వేరు అని. నాకు మాత్రం ఇందులో ఇంకోటి కనిపిస్తుంది. పాపమనుకుని ఎవరికైతే ఉత్తుత్తి మాత్ర ఇవ్వడానికి డాక్టర్లు సంకోచించారో, బతికి బట్టకట్టింది ఎక్కువగా వాళ్లే.

పదిహేడేళ్ల తర్వాత ఇలాంటి దెబ్బే ఫైజర్ కంపెనీకి తగిలింది. మంచి కొలెస్ట్రాల్‌ను పెంచే టోర్సెట్రాపిబ్ మీద ఆ కంపెనీ కొండంత ఆశ పెట్టుకుంది. 15 వేల మందికి పైగా రోగుల మీద ప్రయోగం నడుస్తోంది. 2006 నవంబరు 30న కంపెనీ అధిపతి ఆ మందును ఆకాశానికెత్తేశాడు. డిసెంబరు 2న, సరిగ్గా రెండు రోజులకు, ప్రయోగం రద్దయింది. మందు గుంపులో 82 మరణాలు, రెండో గుంపులో 51. మంచి కొలెస్ట్రాల్ మాత్రం అనుకున్నట్టే పెరిగింది.

మంచి వార్త వచ్చినా ఆపాల్సిందే

ఎయిడ్స్ అంటే మరణశిక్షే అనుకునే రోజులు. 1986లో అమెరికాలో 282 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏజడ్‌టీ ఇచ్చారు. ఆరు నెలల ప్రయోగం. సెప్టెంబరులో బోర్డు మూత తీసి చూస్తే మందు గుంపులో ఒక్కరే చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర గుంపులో 19 మంది. ఇంకా ఏం చూడాలి? ఆపేసి, బతికున్న అందరికీ మందు ఇచ్చారు. 1987 మార్చిలో అనుమతి కూడా వచ్చేసింది. ఆ స్థానంలో ఎవరున్నా ఆపక తప్పదు. కానీ అలా ఆపడం వల్ల ఆ మందు ఎంతకాలం పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. అది ఒంటరిగా ఎక్కువకాలం నిలవదని, లక్షణాలు కనిపించక ముందే మొదలుపెట్టినా ఆయుష్షు పెరగదని తేలడానికి 1990లు రావాల్సొచ్చింది.

అదే జబ్బు మీద 2011లో ఆగిన ప్రయోగంలో మన పొరుగు కూడా ఉంది. భార్యాభర్తల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, రెండోవారికి లేని 1,763 జంటల్ని తొమ్మిది దేశాల్లో చేర్చుకున్నారు. మన దేశం నుంచి చెన్నై, పుణె కేంద్రాలున్నాయి. జబ్బున్నవారికి వెంటనే మందులు మొదలుపెడితే తోడు ఉన్నవారికి అంటకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. భాగస్వామి నుంచే సోకినట్టు నిర్ధారణైన 28 కేసుల్లో, మందులు ముందే మొదలుపెట్టిన గుంపులో ఉన్నది ఒక్కటే. నాలుగేళ్లు గడువుండగానే ఫలితం బయటపెట్టారు. ప్రపంచంలో హెచ్‌ఐవీ వైద్యం తీరే మారిపోయింది.

అన్నీ ఇంత శుభంగా ఉండవు. 22,071 మంది అమెరికా మగ డాక్టర్లు తమ మీద తామే చేసుకున్న ఆస్పిరిన్ ప్రయోగాన్ని 1987 డిసెంబరులో ఆపేశారు. తొలి గుండెపోటు 44 శాతం తగ్గింది మరి! కానీ గుండె జబ్బుతో చనిపోయేవాళ్లు తగ్గారా లేదా అన్నది అప్పటికి తేలలేదు, ఆపేశాక తేలే దారీ లేదు. మన ఊళ్లలో యాభై దాటిన పెద్దమనిషి ఎవరైనా జేబులోంచి చిన్న తెల్ల మాత్ర తీసి 'గుండె మాత్రరా అబ్బాయ్, రోజుకొకటి, మంచిది' అని మింగడం మీరు చూసే ఉంటారు. ఆ నమ్మకానికి మూలాల్లో ఈ ఆగిన ప్రయోగం ఒకటి. ముప్పై ఏళ్ల తర్వాత, ఏ గుండె జబ్బూ లేని 19 వేల మంది వృద్ధుల మీద ఆస్ట్రేలియా, అమెరికాల్లో పరీక్షిస్తే రోజూ ఆస్పిరిన్ వేసుకున్నందువల్ల మేలు కనిపించలేదు, రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. ఆ ప్రయోగాన్నీ ముందే ఆపారు. గుండెపోటు వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఇది చదివి మాత్ర మానేయకండి.

మేలు కనిపించిందని ముందే ఆపిన ప్రయోగాలు ఆ మేలును ఉన్నదానికంటే పెద్దది చేసి చూపిస్తాయని గణాంకవేత్తలు 2010లో లెక్కగట్టి చూపించారు. అలా ఆగిన 91 ప్రయోగాల్ని, అవే ప్రశ్నల మీద చివరిదాకా నడిచిన 424 ప్రయోగాలతో పోల్చారు వాళ్లు. కారణం మర్మమేమీ కాదు. ఎక్కీదిగే గీత బాగా పైకి వెళ్లిన క్షణంలో ఫొటో తీసి, ఇదే ఎత్తు అంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

షుగరు ఎంత తగ్గితే అంత మంచిదా?

తెలుగు ఇళ్లకు బాగా దగ్గరి కథ ఇది. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర కూడా చర్చకొస్తుంది. 'నాది ఏడు, బావా.' 'నాది ఆరున్నరేలే.' తగ్గినవాడిదే పైచేయి.

2000 దశకంలో అమెరికా, కెనడాల్లో 10,251 మందితో అకార్డ్ అనే ప్రయోగం నడిచింది. అందరూ ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవాళ్లు, గుండె జబ్బు ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లు, సగటు వయసు 62. ఒక గుంపుకు ఎలాగైనా సరే హెచ్‌బీఏ1సీని ఆరు కిందకు దించాలి. రెండో గుంపుకు ఏడు, ఎనిమిది మధ్య ఉంటే చాలు. డాక్టర్లు మందు మీద మందు కలిపి మొదటి గుంపు చక్కెరను బాగానే దించారు. 2008 ఫిబ్రవరిలో గడువుకు ఏడాదిన్నర ముందే ఆ భాగాన్ని ఆపేశారు. బాగా దించిన గుంపులో 257 మంది చనిపోయారు. దించని గుంపులో 203 మంది.

దీన్ని పట్టుకుని 'షుగరు తగ్గించకూడదట' అని ప్రచారం చేసినవాళ్లూ ఉన్నారు. అది తప్పు. కొత్తగా జబ్బు వచ్చిన నలభై ఏళ్ల మనిషికి ఈ ప్రయోగం వర్తించదు. వయసు మీదపడి, గుండె కూడా బలహీనపడ్డ మనిషి చక్కెరను వేగంగా మెడపట్టి కిందకు లాగడం ప్రమాదమని మాత్రమే అది చెప్పింది. ఆగిన ప్రయోగం గురించి పత్రికల్లో మొదట పడేది శీర్షిక. ఎవరి మీద చేశారన్న వివరం లోపలి పేజీలో ఎక్కడో ఉంటుంది. 2002లో మెనోపాజ్ తర్వాత వాడే హార్మోన్ మాత్రల ప్రయోగం ఆగినప్పుడూ ఇదే జరిగింది. అందులో చేరిన 16,608 మంది సగటు వయసు 63. ఆ వార్త చదివి భయపడి మాత్రలు మానేసినవాళ్లలో యాభై ఏళ్లవాళ్లు ఎందరో. మా పాత్రికేయ వృత్తి తప్పు ఇందులో ఉంది, ఒప్పుకోవాలి.

గిట్టుబాటు కాలేదు

ఎవరూ చనిపోకుండా, ఏదీ తేలకుండా ఆగేవి కూడా ఉంటాయి. చేరేవాళ్లు దొరక్క ఆగినవి లెక్కలేనన్ని. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ కన్విన్స్ అనే ఒక రక్తపోటు ప్రయోగం గురించి చెప్పుకోవాలి. 16 వేల మందికి పైగా చేరారు. రక్తం ఇచ్చారు, ఏళ్ల తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగారు. రెండేళ్లు మిగిలి ఉండగా కంపెనీ 'వ్యాపార కారణాలతో' ఆపేసింది. భద్రతా బోర్డు ఆపమనలేదు. 2003లో ఫలితాలు ఒక వైద్య పత్రికలో అచ్చయినప్పుడు, ఇది పాల్గొన్నవారితో చేసుకున్న ఒప్పందాన్ని తెంచడమేనని అదే వైద్య పత్రిక సంపాదకీయం మండిపడింది. మనిషి తన శరీరాన్ని ప్రయోగానికి ఇచ్చేది కంపెనీ మీద ప్రేమతో కాదు కదా, నలుగురికీ పనికొచ్చేది ఏదో తేలుతుందని.

మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రయోగాన్ని రద్దు చేస్తే 30 పని దినాల్లోగా కేంద్ర నియంత్రణ సంస్థకు కారణాలు వివరంగా చెప్పాలి. ఈ నిబంధనలు ఊరికే రాలేదు. వాటి వెనక ఇండోర్ నుంచి సుప్రీంకోర్టుకెళ్లిన కేసుంది, పార్లమెంటు నివేదికలున్నాయి, భద్రాచలం ఆశ్రమ పాఠశాలలున్నాయి.

వార్డెన్ సంతకం

2009 జులై, ఆగస్టు నెలల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మంలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి సూదులు వేశారు. టీకా అప్పటికే మన దేశంలో అమ్మకానికి అనుమతి పొందింది. కాబట్టి ఇది ప్రయోగం కాదు, ఎలా వేయాలో చూసే ప్రదర్శన ప్రాజెక్టు మాత్రమేనని నిర్వాహకులు అన్నారు.

సూదులు వేయించుకున్నవాళ్లలో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ ప్రతినిధులు భద్రాచలం వచ్చి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరు చనిపోయారన్న వార్తలు అప్పటికే గుప్పుమన్నాయి. గుజరాత్‌తో కలిపి మొత్తం ఏడు మరణాలు. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

ఈ ఏడు మరణాల గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. ఎందుకంటే ఇప్పటికీ వాట్సాప్‌లో అవి టీకా చావులుగానే తిరుగుతున్నాయి. ఒక పిల్ల క్వారీ గుంతలో మునిగిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగిలిన రెండింటిలో ఒకటి తీవ్ర జ్వరం, ఇంకోటి మెదడులో రక్తస్రావం కావచ్చని అనుమానించారు. ఈ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చనే విచారణ కమిటీ తేల్చింది. ఏజెన్సీ గూడేల్లో పదేళ్ల ఆడపిల్ల ఎన్ని విధాల చనిపోవచ్చో చెప్పే జాబితా అది. దానిమీద మాత్రం ఎవరూ విచారణ వేయలేదు.

అసలు తప్పు వేరే చోట దొరికింది. ఖమ్మంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకం పెట్టారు. రెండు వేల ఏడు వందల మంది కన్నబిడ్డల తరఫున ఉద్యోగులు 'సరే' అన్నారు! కార్డుల మీద ప్రభుత్వ ఆరోగ్య మిషన్ గుర్తు ఉండటంతో ఇది సర్కారు టీకానే అనుకున్నారు జనం. ఏదైనా జరిగితే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. పిల్లలకు బీమా లేదు. ఇది ముమ్మాటికీ క్లినికల్ ప్రయోగమేనని, దాని నిబంధనలన్నీ పాటించాల్సిందేనని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది.

ఇక్కడ బోర్డు లేదు, మూత తీసి చూసిన లెక్కలు లేవు. సమ్మతి సరిగా తీసుకోలేదు అన్నది నిజమైన ఫిర్యాదు. దానికి మందు, సమ్మతి సరిగా తీసుకోవడం. కానీ కేంద్రం అక్కడితో ఆగలేదు. దేశంలో ఎక్కడెక్కడ ఆ టీకా మీద పరిశోధనలు జరుగుతున్నాయో అన్నిటినీ ఆపేసింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఎంఎన్‌జేతో సహా తొమ్మిది కేంద్రాల్లో, ఖమ్మంతో ఏ సంబంధమూ లేని పిల్లలకు రెండో సూది అందకుండా పోయింది అలాగే.

పెళ్లయిన పద్దెనిమిది నెలలకు

ఇలాంటప్పుడు మామూలుగా ఫైళ్లు కట్టేస్తారు. నమూనాలు ఫ్రీజర్లో మిగులుతాయి, మనుషులు ఎటువాళ్లటు పోతారు. ఇక్కడ అలా జరగలేదు. ఐఏఆర్‌సీలో ఈ పరిశోధనకు నాయకత్వం వహించిన డాక్టర్ శంకరనారాయణన్, ఆయనతో పనిచేసిన మన వైద్యులు ఒక నిర్ణయానికొచ్చారు. సూదులు వేయడం ఆగింది గానీ, చూసుకోవడం ఆగక్కర్లేదు. ఎవరికి ఎన్ని పడితే అన్ని. ఆ లెక్కతోనే అందరినీ వెంబడిద్దామనుకున్నారు.

వెంబడించడమంటే మాటలా! ఈ టీకా పనిచేసిందో లేదో తెలిసేది రక్త పరీక్షతో మాత్రమే కాదు. వైరస్ సోకిందా లేదా అన్నది చూడాలంటే గర్భాశయ ముఖద్వారం నుంచి నమూనా తీయాలి. పెళ్లికాని పిల్లలకు అది కుదరదు. అందుకే పెళ్లయిన పద్దెనిమిది నెలలకో, మొదటి కాన్పు అయిన ఆరు నెలలకో, ఏది ముందైతే అప్పుడు నమూనా తీయాలని నిర్ణయించారు. ఆ తర్వాత ఏడాదికోసారి. మన సమాజంలో దీని అర్థమేమిటో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. పెళ్లయిన ఆడపిల్ల ఊరు మారుతుంది. ఇంటిపేరు మారుతుంది. కొన్నిచోట్ల పేరే మార్చేస్తారు. ఆమె ఏ ఊరి కోడలైందో పుట్టింటివాళ్లను అడిగి తెలుసుకుని, అత్తవారింటి గడపెక్కి, 'మీ అమ్మాయికి చిన్నప్పుడు ఒక టీకా వేశాం, ఒక పరీక్ష చేయాలి' అని ఒప్పించాలి. ఏ ఒక్క ఏడాదో కాదు, పదేళ్ల పాటు. ఈ పరిశోధనలో గొప్పతనం ఎక్కడుందంటే నేను ఆ తలుపు తట్టిన చేతులనే చూపిస్తాను. వాళ్ల పేర్లు పరిశోధన పత్రాల్లో ఉండవు.

పోల్చడానికి టీకా అసలు పడని, అదే ఈడు పెళ్లయిన ఆడవాళ్లను దాదాపు 1,500 మందిని కూడా చేర్చుకున్నారు. 2016లో మొదటి ఫలితాలొచ్చాయి. 2021లో, సగటున తొమ్మిదేళ్ల పరిశీలన తర్వాత, పార్థ బసు బృందం అచ్చు వేసిన లెక్కలు చూసి ప్రపంచం ఉలిక్కిపడింది. క్యాన్సర్‌కు దారితీసే 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ఠ వేయకుండా మూడు డోసులు 93.3 శాతం కాపాడాయి. రెండు డోసులు 93.1 శాతం. ఒక్క డోసు 95.4 శాతం. ఈ మూడింటి మధ్య తేడా లేనట్టే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో పదింట ఏడింటికి ఆ రెండు రకాలే కారణం.

అయినా ఒక లోటుంది. ఎవరికి ఒక్కటి, ఎవరికి మూడు అన్నది చీటీలు తీసి నిర్ణయించింది కాదు, ఉత్తర్వు వచ్చిన తేదీ నిర్ణయించింది. చివర్లో చేరినవాళ్లకు ఒక్కటే పడింది. కాబట్టి దీన్నే పూర్తి రుజువు అనడానికి లేదని విమర్శకులు అన్నది నిజమే. ఆ లోటు కెన్యా తీర్చింది. అక్కడ 2,275 మంది యువతులతో పద్ధతి ప్రకారం చేసిన ప్రయోగంలో, ఏడాదిన్నర పరిశీలనలో ఒక్క డోసు రక్షణ 97.5 శాతమని 2022లో తేలింది. అదే ఏడాది డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సిఫార్సును మార్చింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక్క డోసు కార్యక్రమం పెట్టుకోవచ్చని చెప్పింది. రెండు డోసులకే డబ్బుల్లేక చేతులు ముడుచుకున్న దేశాలకు దారి తెరుచుకుంది. మన దేశంలోనే ఏటా 70 వేల మందికి పైగా ఆడవాళ్లు ఈ క్యాన్సర్‌తో పోతున్నారు.

ఆపిన ప్రభుత్వానికి ఇందులో దక్కాల్సిన మెప్పేమీ లేదు. ఎవరో తోసేస్తే బావిలో పడ్డవాడు అడుగున బంగారం దొరికించుకుని పైకొస్తే, తోసినవాడికి సన్మానం చేయం కదా.

ఆపిన చోటే అసలు సంగతి బయటపడటం వైద్యంలో కొత్త కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం న్యూయార్క్ దగ్గరి లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం కోవ మందుల్ని 1940ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకుంది. ఆపేశాడు. అయితే దానికి విరుద్ధంగా పనిచేసేదాన్ని ఇస్తే? సుబ్బారావు బృందమే పంపిన అమినోప్టెరిన్‌తో 16 మంది పిల్లల్లో పది మంది కొంతకాలం తేరుకున్నారు. 1948 జూన్‌లో ఆ ఫలితం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. క్యాన్సర్ మందుల చరిత్ర అక్కడ మొదలైందని గర్వంగా చెప్పుకుంటాం. జబ్బు ముదిరిన ఆ మొదటి పిల్లలు మాత్రం మన కథల్లోకి రారు.

ఎంఎన్‌జేలోనూ మిగతా ఎనిమిది కేంద్రాల్లోనూ ఆ 4,950 మందికి ఇంగ్లిష్ పత్రాలు పెట్టిన పేరు, తెలుగులో చెప్పాలంటే, 'అనుకోకుండా ఒక్క డోసు పడినవాళ్లు'. 2010 ఏప్రిల్‌లో పదేళ్లున్న పిల్ల ఇప్పుడు పాతికేళ్లు దాటిన మనిషి. అప్పుడు పద్దెనిమిదేళ్లున్న అమ్మాయికి, పెళ్లి తొందరగా అయ్యుంటే, తొమ్మిదేళ్ల కూతురు ఉండొచ్చు. టీకా వేయించాలని ఆ కూతుర్ని తీసుకుని ఏ ఆస్పత్రికో వెళ్తే, ఎన్నిసార్లు రావాలమ్మా అని ఆమె అడుగుతుంది. ఒక్కసారే అంటుంది నర్సు.